ఇంట్లోనే మార్చిన చైన్ సెట్: చాలాకాలం నడిపాక నా అభిప్రాయం

నా బైకు పాత చైన్, అది తిరిగే రెండు స్ప్రాకెట్లు (పళ్ళ చక్రాలు) తీసేసి ఇంట్లోనే కొత్త సెట్ వేసుకున్నాను. ఎండలో, వానలో, మట్టిరోడ్ల మీద బాగా తిప్పాక ఇది రాస్తున్నాను. ముందే తీర్పు చెప్పేస్తాను: ఓ-రింగ్ చైన్ (జాయింట్లలో గ్రీజు పోకుండా రబ్బరు రింగులున్నది), స్టీల్ స్ప్రాకెట్లు, రివెట్ లాక్ (చైన్ రెండు కొసలను కలిపి, పిన్ను తల నొక్కి బిగించే లింకు) మూడూ పెట్టిన డబ్బుకు తగ్గట్టే పనిచేశాయి. అయితే సెట్ ఎంత మంచిదైనా అది ఎన్నాళ్ళు మన్నుతుందన్నది సగానికి పైగా బిగించిన రోజే తేలిపోతుంది. అందుకే సెట్ కంటే బిగింపు గురించే ఎక్కువ రాశాను.

నా బైకుది 520 సైజు చైన్. పిచ్, అంటే ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం, 15.875 మిల్లీమీటర్లు. అంటే కొత్త చైన్‌లో 20 పిచ్‌ల పొడవు 317.5 మిల్లీమీటర్లు ఉండాలి. చైన్ పొడవు పెరిగేది ఇనుము సాగడం వల్ల కాదు, లోపలి పిన్నులు, బుష్‌లు అరగడం వల్ల. ఒక్కో జాయింటులో కంటికి కనపడనంత సందు ఏర్పడుతుంది, వందకు పైగా జాయింట్లలో అదంతా కలిసి చైన్ పొడవవుతుంది. మార్చాల్సిన హద్దు బైకును బట్టి మారుతుంది, అది మాన్యువల్‌లో ఉంటుంది. నేను మాత్రం ఒక శాతం దాటితే, అంటే 320.7 దగ్గరకు వస్తే, ఇక ఆగను. కొలిచే తీరిక లేకపోతే వెనక స్ప్రాకెట్‌కి సరిగ్గా వెనక వైపున చైన్‌ని వేలితో పట్టి లాగి చూడండి. పన్ను సగం దాకా బయటపడితే ఆ చైన్ పని అయిపోయినట్టే.

చైన్ ఒక్కటే మార్చి స్ప్రాకెట్లు పాతవే ఉంచడం నాకు నచ్చని పని. పాత చైన్ పొడవుకు తగ్గట్టు ఆ పళ్ళు అప్పటికే అరిగి ఉంటాయి. వాటి మీద కొత్త చైన్ సరిగ్గా కూర్చోదు, త్వరగా అరుగుతుంది. మిగిలిందనుకున్న డబ్బు ఆ చైన్‌తోనే పోతుంది.

ఇక పని. ముందు వైపు స్ప్రాకెట్ నట్టును పాత చైన్ ఉండగానే వదులు చేసుకోవాలి. గేరులో ఉంచి, వెనక బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకోవడానికి ఒక మనిషి తోడుంటే చాలు. చైన్ తీసేశాక ఆ నట్టును తిప్పబోతే షాఫ్ట్ కూడా దాంతోపాటే తిరుగుతుంది. నట్టు కింది లాక్ వాషర్ అంచు మడిచి ఉంటుంది, ముందు దాన్ని ఉలితో చదును చేయాలి. కొన్ని బైకులకు నట్టు ఉండదు, రెండు చిన్న బోల్టులతో ఒక ప్లేటు ఉంటుంది. అది మరీ తేలిక. స్ప్రాకెట్ తీసే ముందు ఏ ముఖం బయటికి ఉందో గుర్తుపెట్టుకోండి, ఫోటో తీసుకుంటే ఇంకా నయం. ముందు స్ప్రాకెట్‌ను మూసే కవర్ లోపల గ్రీజు, ఇసుక కలిసి గట్టిపడిన మడ్డి పేరుకుని ఉంటుంది. దాన్నంతా గీకి శుభ్రం చేసి, షాఫ్ట్ చుట్టూ ఉన్న ఆయిల్ సీల్ కారుతోందేమో చూడాలి. ఆ చోటును అంత వివరంగా చూసే అవకాశం మళ్ళీ చైన్ మార్చేదాకా రాదు.

పాత చైన్ తెంచడానికి రివెట్ తలను గ్రైండర్‌తో చదును చేసి, ఆ తర్వాతే టూల్‌తో పిన్ను నొక్కాలి. తల ఉండగానే నొక్కితే చిన్న టూల్ అయితే దాని పిన్నే వంగిపోతుంది. కొత్త చైన్ పొడవుగా వస్తే పాతదానికి ఎన్ని లింకులున్నాయో లెక్కపెట్టి అంతకే కత్తిరించాలి. ఆ లెక్క ఎప్పుడూ సరి సంఖ్యే వస్తుంది. బేసి వచ్చిందంటే లెక్క తప్పినట్టే.

లాక్ విషయంలో నాది గట్టి అభిప్రాయం. చిన్న బైకులకు క్లిప్ లాక్ (స్ప్రింగు క్లిప్పుతో మూసే లింకు) చాలు. మూసి ఉన్న కొస చైన్ నడిచే దిక్కుకు ఉండేలా వేస్తే చాలాకాలం భద్రంగా ఉంటుంది. ఇంజిన్ బలం ఎక్కువున్న బైక్‌కు మాత్రం రివెట్ లాక్ వేసుకోవాలి. పరుగులో చైన్ తెగి ముందు స్ప్రాకెట్ దగ్గర చుట్టుకుంటే ఇంజిన్ కేసు పగలొచ్చు, వెనక చక్రం పట్టేయొచ్చు. రివెట్ లాక్ వేసేటప్పుడు ఓ-రింగులు నాలుగూ పెట్టి, వాటితో వచ్చిన గ్రీజు పూసి, పక్క ప్లేటును నెమ్మదిగా నొక్కాలి. ఎంత నొక్కాలన్నది చేతి అంచనాకు వదలకూడదు. పక్కనున్న లింకు వెడల్పును వెర్నియర్‌తో కొలిచి, దీన్నీ అంతకే తేవాలి. ఎక్కువ నొక్కితే ఓ-రింగులు నలిగి ఆ జాయింటు బిగుసుకుంటుంది. తక్కువ నొక్కితే లోపలి గ్రీజు బయటికొచ్చేస్తుంది. నేను వేసిన జాయింటు ఇప్పటికీ మిగతా లింకుల్లాగే సులువుగా వంగుతోంది. ఈ సెట్‌లో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే.

వెనక స్ప్రాకెట్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. బోల్టులు ఒకదానికి ఎదురు ఒకటి చొప్పున, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాలి, అంతే.

స్లాక్ (చైన్‌కు ఉండాల్సిన వదులు) దగ్గర మాత్రం తొందరపడకూడదు. చాలా రోడ్డు బైకులకు కింది వైపు చైన్ మధ్యలో 20 నుంచి 35 మిల్లీమీటర్ల దాకా ఆట ఉండాలని మాన్యువల్స్ చెబుతాయి. మీ బైకు అంకె మీ మాన్యువల్‌లోనే చూసుకోండి. చైన్ వదులుగా ఉంటే బాగుండదని ఎక్కువ బిగించడం చాలామందికి అలవాటు. కానీ ముందు స్ప్రాకెట్ మధ్యభాగం, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) పివట్, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. బైక్ స్టాండ్ మీద ఉన్నప్పుడు సరిపోయినట్టు కనిపించిన బిగింపు, ఇద్దరు కూర్చుని గుంతలో పడేసరికి అతిగా మారుతుంది. ఆ భారం ముందు షాఫ్ట్ బేరింగ్ మీద, చక్రం బేరింగ్ మీద పడుతుంది. ఆ బేరింగుల ఖర్చు ముందు చైన్ ధర ఎంత? అందుకే చక్రం మెల్లగా తిప్పుతూ చైన్ అన్నిటికంటే బిగుతుగా వచ్చే చోటు వెతికి, అక్కడే స్లాక్ కొలుస్తాను. స్వింగ్ ఆర్మ్ మీద చెక్కిన గీతలను పూర్తిగా నమ్మను. వెనక నుంచి కన్ను ఆనించి చైన్ తిన్నగా పోతోందో లేదో కూడా చూస్తాను.

బిగించిన కొత్తలో మొదటి వెయ్యి కిలోమీటర్ల లోపు స్లాక్ కాస్త పెరిగింది. కొత్త చైన్ సర్దుకోవడం మామూలే. ఒకసారి సరిచేశాక చాలాకాలం దాని జోలికి వెళ్ళాల్సిన అవసరం రాలేదు. పాత చైన్‌ని, అది ఓ-రింగ్ లేనిది, మాటిమాటికీ బిగించుకుంటూ నడిపినవాడిగా ఈ తేడా నాకు స్పష్టంగా తెలిసింది. చక్రం తిప్పితే ఒకచోట వదులు, ఒకచోట బిగుతు వచ్చే లక్షణం దీనిలో ఇంకా మొదలవలేదు. పళ్ళు నిటారుగానే ఉన్నాయి, కొక్కెంలా వంగలేదు.

నిర్వహణ కూడా పెద్ద పని కాదు. సుమారు 500 కిలోమీటర్లకోసారి, వానలో తిరిగితే ఇంకా ముందే, కిరోసిన్ తడిపిన గుడ్డతోనో మెత్తటి బ్రష్‌తోనో తుడిచి గేర్ ఆయిల్ పట్టిస్తాను. పెట్రోలు, ఇనుప బ్రష్ రెండూ ఓ-రింగులకు శత్రువులు. అసలు గ్రీజు ఓ-రింగుల వెనక భద్రంగా ఉంటుంది. మనం బయట పట్టించేది రోలర్ల కోసం, తుప్పు పట్టకుండా, రబ్బరు ఎండిపోకుండా ఉండటం కోసం. స్ప్రేలు శుభ్రంగా ఉంటాయి కానీ నా వాడకంలో వానకు గేర్ ఆయిలే బాగా నిలిచింది. దాని లోపం ఒక్కటే, తుడవకుండా బయల్దేరితే రిమ్ము నిండా చుక్కలు పడతాయి. రాత్రి పట్టించి, పొద్దున పొడిగుడ్డతో తుడిస్తే ఆ బాధ తగ్గుతుంది. ఈ పనంతా ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూనే చేయాలి. స్టార్ట్ చేసి గేరులో తిప్పుతూ గుడ్డ పెట్టి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

స్ప్రాకెట్ల పళ్ళ సంఖ్య మార్చలేదు. ముందు 14 ఉన్నచోట 15 వేస్తే గేరింగ్ ఏడు శాతం దాకా పొడవై హైవే మీద ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కానీ, ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం తగ్గుతుంది. నా తిరుగుడుకు కంపెనీ లెక్కే బాగుంది.

ఒక్కటి మాత్రం ఆ రోజే చేసి ఉంటే ఇంకా బాగుండేదనిపిస్తోంది. తక్కువ గేరులో ఆక్సిలరేటర్ తిప్పగానే ఇంకా సన్నటి జెర్క్ వస్తోంది. చైన్, స్ప్రాకెట్లు కొత్తవే కాబట్టి అనుమానమంతా వెనక హబ్‌లోని, కుదుపును మింగే రబ్బర్ల మీదే ఉంది. చక్రం ఎలాగూ బయటికి తీసే పనే కాబట్టి, సెట్ మార్చేవాళ్ళు ఆ రబ్బర్లు కూడా తీసి చూసుకోండి. నావి వచ్చే సర్వీసులో మారుస్తున్నాను.