ఆకాశంలో కదలని పక్షి: ఆరేళ్ల తర్వాత నా జేబు కెమెరా

మెగాపిక్సెళ్లు, వీడియో రకాలు లాంటివి ఇక్కడ చెప్పను. పెట్టె మీద ఉన్నదే మళ్లీ రాయడానికి నేనెందుకు? ఆరేళ్లుగా వాడుతున్నాను, నలభై వేల ఫొటోలు దాటి ఉంటాయి. చివరి రెండేళ్లుగా మాత్రం దీనికీ నాకూ ఒకటే గొడవ: లోపలికి దూరిన ఒక నలుసు. చెప్పుకుంటే చిన్న విషయమే. కంట్లో పడ్డ నలుసూ చిన్నదే కదా.

ముందు, ఎందుకు కొన్నానో చెప్పాలి. దీన్లో ఉన్నది ఒక అంగుళం సెన్సర్, అంటే వెలుగుని ఫొటోగా మార్చే చిప్పు. పేరుకే అంగుళం, కొలిస్తే 13.2 × 8.8 మిల్లీమీటర్లు. పాత వీడియో కెమెరా ట్యూబుల కాలం నాటి లెక్క అది, పేరు అలా ఉండిపోయింది. అయినా మామూలు చిన్న కెమెరాల్లో పెట్టే సెన్సర్‌కి దాదాపు నాలుగు రెట్ల వైశాల్యం. దాని ముందు ఎఫ్/1.8తో మొదలయ్యే, అంటే వెలుగుని బాగా లోపలికి రానిచ్చే, జూమ్ లెన్స్. ఇదంతా కలిపి ప్యాంటు జేబులో పడుతుంది. ఆఫ్ చేస్తే లెన్స్ తాబేలు తలలా లోపలికి ముడుచుకుంటుంది. కొత్తలో ఊరికే ఆన్ చేసి, ఆఫ్ చేసి, ఆ ముడుచుకోవడం చూస్తూ కూర్చునేవాణ్ణి.

మొదటి ఏడాది ఎవరు అడిగినా ఒకటే మాట చెప్పాను. కళ్లు మూసుకుని కొనేయండి, జేబులో వేసుకుని మర్చిపోండి అని. అందులో రెండో సగం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. జేబులో వేసుకోమన్న మాట వల్లే ఇదంతా.

ఒక కొండ మీద తీసిన ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించి చూసుకుంటున్నాను. మబ్బు తునక కూడా లేని నీలాకాశం. కుడివైపు పై మూలన బూడిద రంగులో ఒక చుక్క. పక్షి అయి ఉంటుందిలే అనుకున్నాను. తర్వాతి ఫొటోలోనూ అదే పక్షి, అదే చోట. పదకొండు ఫొటోలు దాటినా అది రెక్క కదపలేదు. మానిటర్ మీద మరకేమోనని వేలితో తుడిచాను. ఆ తర్వాత లెన్స్ ముందు అద్దాన్ని గుడ్డతో తుడిచాను. మళ్లీ ఫొటో తీస్తే మళ్లీ పక్షి. ముందు అద్దం మీది దుమ్ము ఫోకస్‌లోకి రాదు కాబట్టి ఇంత గుండ్రంగా, ఇంత స్పష్టంగా ఎప్పుడూ పడదు. ఆ సంగతి నాకు అప్పటికి తెలీదు.

మీ కెమెరాలో కూడా ఇలాంటిది ఉందేమో చూసుకోవాలంటే పని తేలికే. అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం, ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ అది సన్నబడుతుంది. దాన్ని ఎఫ్/11కి తిప్పి, తెల్లగోడని ఫోకస్ కుదరనివ్వకుండా ఒక ఫొటో తీయండి. అదే గోడని ఎఫ్/1.8లో ఇంకొకటి తీయండి. నా కెమెరాలో రెండోది ముత్యంలా ఉంది. మొదటిదాన్లో నా పక్షి, పక్కనే దాని పిల్లలు రెండు.

నలుసు కూర్చునేది సరిగ్గా సెన్సర్ మీద కాదు, దాని ముందుండే సన్నటి గాజు పలక మీద. అపర్చర్ బాగా తెరుచుకున్నప్పుడు వెలుగు నలువైపుల నుంచీ వచ్చి పడుతుంది, నీడ చెదిరిపోతుంది. అపర్చర్ సన్నబడితే నీడ గట్టిపడుతుంది. ట్యూబ్‌లైట్ కింద చేతి నీడ అలుక్కుపోయినట్టుండి, టార్చి వెలుగులో అయిదు వేళ్లతో సహా గోడ మీద పడుతుంది చూడండి, అదే తంతు. అందుకే సాయంత్రాలు ఇంట్లో తీసిన పిల్లల ఫొటోల్లో అది ఒక్కసారీ కనబడలేదు. ఎప్పటి నుంచి ఉందో కూడా చెప్పలేను. ఎండలో, ఆకాశం పెట్టి తీసినప్పుడే బయటపడుతుంది. ఎండలో కెమెరా తనంతట తనే అపర్చర్ సన్నం చేస్తుంది మరి.

నాకు మండేది ఇక్కడే. లెన్స్ ఊడని కెమెరా కాబట్టి లోపలికి దుమ్ము పోదు అనుకుని కొన్నాను. నిజానికి అది బయటికొచ్చిన ప్రతిసారీ లోపల ఖాళీ పెరుగుతుంది, ఆ మేరకు గొట్టాల మధ్య సందుల్లోంచి గాలిని పీలుస్తుంది. సైకిల్ పంపు పిడి పైకి లాగినట్టు. మరి నేను దాన్ని ఎక్కడ పెట్టాను? నాలుగేళ్లపాటు కవరైనా లేకుండా జీన్స్ జేబులో. ఒకసారి ఆ జేబు తిరగేసి చూశాను. అడుగు కుట్టు పొడవునా నీలం నూలు పొట్టు, అందులో చిరిగిన బస్సు టికెట్ ముక్కలు. ఆ పొట్టునే కెమెరా రోజుకి ఇరవైసార్లు పీలుస్తూ వచ్చింది. పెద్ద కెమెరా వాళ్లు లెన్స్ విప్పి, రబ్బరు బ్లోయర్‌తో నాలుగుసార్లు ఊది పని కానిస్తారు. దీనికి విప్పడం అనేదే లేదు.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. కౌంటర్‌లో అబ్బాయి తెల్లగోడ ఫొటో చూసి మర్యాదగానే చెప్పాడు. "నలుసొక్కటే తీయడం ఉండదు సర్, లెన్స్ యూనిట్ మొత్తం మార్చాలి." అతను కాగితం మీద రాసిచ్చిన అంకె కొత్త కెమెరా ధరలో సగానికి దగ్గరగా ఉంది. వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఉన్నా దుమ్ము దాని కిందికి రాదట, అది కూడా నేను అడక్కుండానే చెప్పాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఇక మిగిలింది వాక్యూమ్ క్లీనర్. నవ్వకండి, చాలామంది చేసే పనే. గొట్టం కొసని లెన్స్ చుట్టూ ఆనించి, తక్కువ స్పీడులో నడుపుతూ, జూమ్ ముందుకీ వెనక్కీ తిప్పాలి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏం చేస్తున్నారు దాన్ని?"

"లోపల నలుసు తీస్తున్నా."

"నలుసు పోయాక కెమెరా మిగులుతుందా?"

మొదటి విడత అయ్యాక మళ్లీ తెల్లగోడ ఫొటో తీశాను. పై మూల శుభ్రంగా ఉంది. ఆనందం అర సెకను నిలిచిందేమో. పక్షి మూలలోంచి లేచి వచ్చి ఫొటో నడిమధ్యలో వాలింది. ఇప్పటిదాకా ఆకాశంలోనే ఉన్నది ఇక మనుషుల మొహాల మీదికి వస్తుంది. చెమటలు పట్టాయి. రెండో విడత. నడిమధ్యది పోయింది, కుడివైపు కింది మూలన ఒక చుక్క తేలింది. అక్కడ ఆపేశాను. గెలవలేదు గానీ, ఇంకా పోగొట్టుకోకముందే లేచాను. మీరు మాత్రం ఈ పని చెయ్యకండి. లోపల అపర్చర్ రేకులు, షట్టర్ రేకులు కాగితమంత పలచగా ఉంటాయి. ఒక్కటి వంగినా కెమెరా మూలనపడుతుంది.

కింది మూలంటే ఫొటోల్లో మామూలుగా నేలో, గడ్డో, ఎవరి చెప్పులో ఉంటాయి. చుక్క అందులో కలిసిపోతుంది. నిలువు ఫొటోతోనే తంటా. కెమెరాని చేతిపట్టు పైకి వచ్చేలా తిప్పితే ఆ మూల కాస్తా ఆకాశంలోకి వెళుతుంది. అందుకని పట్టు కిందికి వచ్చేలా తిప్పడం అలవాటు చేసుకున్నాను. మణికట్టు కాస్త ఇబ్బందిగా వంగుతుంది. ఫొటో తీసిపెట్టమని కెమెరా ఇంకొకరి చేతికిస్తే, వాళ్లకి ఇదంతా ఎలా చెబుతాం?

ఆ తర్వాత అనుకోకుండా ఒక మేలు జరిగింది. ఈ కెమెరాలో ఎన్‌డీ ఫిల్టర్ అని ఒకటుంది, లోపలే అడ్డం పడే నల్లద్దం. అయిదేళ్లు దాని మొహం చూడలేదు. అది వెలుగుని ఎనిమిదో వంతుకి తగ్గిస్తుంది, అంటే మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకీ వెలుగు సగమవుతుంది, లేదా రెట్టింపవుతుంది). ఎఫ్/8 నుంచి ఎఫ్/2.8కి వస్తే పెరిగే వెలుగు కూడా సరిగ్గా మూడు స్టాపులే. లెక్క కుదిరిపోయింది. మిట్టమధ్యాహ్నం ఫిల్టర్ వేసి ఎఫ్/2.8లో తీస్తే షట్టర్ స్పీడు మారలేదు, ఆకాశంలోంచి మచ్చ మాయమైంది. చెరిగినట్టు మాయం. పైగా ఇంత చిన్న సెన్సర్‌కి ఎఫ్/8 అంత మంచిది కాదు, సన్నటి రంధ్రంలోంచి వచ్చే వెలుగు కాస్త చెదిరిపోయి (దీన్నే డిఫ్రాక్షన్ అంటారు) ఫొటో మెత్తబడుతుంది. నలుసు పుణ్యమా అని ఫొటోల్లో స్పష్టత పెరిగిందంటే నమ్మండి. ఫిల్టర్‌ని ఇప్పుడు వెనక బటన్ ఒకదానికి కట్టేశాను, మెనూలో వెతకక్కర్లేదు.

మిగతావి గబగబా. దీని బుడ్డి ఫ్లాష్‌ని అందరూ తీసిపారేస్తారు గానీ, నాకు అది బంగారం. షట్టర్ లెన్స్‌లోనే ఉండటంతో అది సెకనులో వెయ్యో వంతు సేపే తెరుచుకున్నా ఫ్లాష్ వెలుగు ఫొటోలో పడుతుంది. వీపు వెనక ఎండ పెట్టుకుని నిలబడ్డ పిల్లల మొహాలు నల్లబడకుండా వస్తాయి. ఫోన్‌లోని ఎల్‌ఈడీతో ఆ పని కాదు. షట్టర్ చప్పుడు కూడా దాదాపు లేదు, నిద్రపోతున్న పసిపిల్ల పక్కన తీసినా కదలదు. బ్యాటరీ కొత్తలో రోజంతా వచ్చేది, ఇప్పుడు మధ్యాహ్నానికే ఎర్ర గుర్తు. రెండోది జేబులో ఉండాల్సిందే. రాత్రి ఫొటోల్లో ఫోన్ దీన్ని దాటేసింది అంటే ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

కొనొచ్చా అంటే, నాలాగా నడుస్తూ, మనుషుల్ని దగ్గర నుంచి తీసేవాళ్లకి సరే. దుమ్ములో, ఇసుకలో తిరిగేవాళ్లకి చెప్పడానికి నోరు రావట్లేదు. అలాంటి చోటికి నేనే దీన్ని తీసుకెళ్లడం మానేశాను. పక్షుల ఫొటోలు తీసేవాళ్లకి ఈ జూమ్ చాలదు, వేరే చూసుకోండి. పాతది చేతికొస్తే మాత్రం డబ్బు ఇచ్చే ముందు తెల్లగోడ ఫొటో తీసి చూడండి, అమ్మేవాళ్లు ఏమనుకున్నా సరే.

సర్వీస్ వాళ్లిచ్చిన కాగితం ఇంకా పర్సులోనే ఉంది. కెమెరా ఇప్పుడు జిప్ కవర్‌లో, కవర్ సంచీలో. జేబులో ఫోన్ ఉంటోంది.