నాలా వెడల్పు చేయాలా, చెరువుల పూడిక తీయాలా?

వరంగల్‌లో గట్టి వాన మొదలైతే చాలు, హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ వాళ్లకు టెన్షన్. 2020 ఆగస్టులో, 2023 జూలైలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి.

నాలా వెడల్పు చేసి రెండు పక్కలా గోడలు కడితే ఫలితం మొదటి పెద్ద వానకే తెలుస్తుంది, నయీంనగర్‌లో పాత వంతెన తీసేసి కొత్తది కట్టింది కూడా అందుకే. కానీ కింద ఒక్క కల్వర్టు ఇరుకైనా, దాని నోట్లో ఓ పాత పరుపో, థర్మాకోల్ ముక్కలో ఇరుక్కున్నా నీళ్లు వెనక్కి తన్నుకొచ్చి మళ్లీ ఇళ్లలోకే పోతాయి, అప్పుడు పైన ఎంత గోడ కట్టినా దండగే. పైగా ఒడ్డున ఉన్న పేదల ఇళ్లు పోతాయి; వాళ్లకు ముందు చోటు చూపించకుండా జేసీబీ దింపడం అన్యాయం.

చెరువులది వేరే లెక్క. కాకతీయుల నాటి గొలుసుకట్టులో పై చెరువు నిండి మత్తడి దూకితేనే కింది చెరువుకు నీళ్లు. పూడిక తీసి, శిఖం భూమిలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో, మట్టి పోయకుండా ఆపితే వరద అక్కడే కొంతసేపు ఆగి నాలా మీదికి నిదానంగా వస్తుంది, బోర్లకూ మంచిది. అయితే వానకు ముందే నిండుగా ఉన్న చెరువు వరదను ఆపలేదు, తుఫాను కబురు రాగానే తూములెత్తి ఖాళీ చేయాలి. కట్ట కూడా గట్టిగా ఉండాలి, 2023లో భద్రకాళి చెరువుకు పోతననగర్ వైపు గండి పడింది.

డబ్బు ఒక్కదానికే ఉంటే నేను చెరువులకే పెట్టమంటాను. హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ వైపు వరద తెచ్చే బొందివాగు నాలాలో ఇరుకైన చోట్లు మాత్రం వచ్చే వానాకాలంలోపే తెరవాలి.