పది శనివారాల శిష్యత్వ క్లాసులు: పోవాల్నా వద్దా? నా రివ్యూ

అందరికి వందనాలు. చర్చిల పెట్టే శిష్యత్వ శిక్షణ క్లాసులు (యేసు శిష్యులుగ ఎట్ల బతకాల్నో నేర్పేటియి) ఎట్లుంటయని మా లేడీస్ గ్రూప్‌ల మస్తు మంది అడుగుతున్నరు, పోయిన బ్యాచ్‌ల నేను పది వారాలు పూర్తిగ చేసిన కాబట్టి రాస్తున్న. చర్చి పేరు రాస్తలేను, ఎందుకంటే తిట్టేటియి కూడ ఉన్నయ్, హన్మకొండల ఒక చిన్న సంఘం అనుకోండ్రి సాలు. నేను కాజీపేటల బ్లౌజులు కుడ్త, శనివారం సాయంత్రం అంటే నాకు గిరాకీ టైము, ఆ లెక్కల చదువుకోండ్రి.

ఫీజు 300. అండ్ల నోట్స్, చాయ్, బిస్కెట్లు. నోట్స్ జిరాక్స్ కొట్టిచ్చిన్రు గని సగం పేజీలల్ల చివరి లైన్లు పడలే. ఆరింటికి అంటరు, ముప్పావుగంట లేటుగనే మొదలైతది, ఒక్క వారం కూడ టైముకు కాలే. మొదటి మూడు వారాలు దేవుని పిలుపు అంటే ఏంది అని. మోషే నాకు నోరు తిరగదు అన్నడు, యోనా ఓడెక్కి పారిపోయిండు, ఇవన్ని సండే స్కూల్ల విన్నయే కద. మూడో వారం బయటి నుంచి ఒకాయన్ను పిలిచిన్రు, రెండు గంటలు కానుకల మీదనే, కానుక విత్తనం లెక్క ఏస్తే నూరంతలు తిరిగొస్తది అని. నా పక్కకు కూసున్న అక్క పర్సు జిప్పు తీస్తది, మూస్తది, మళ్ల తీస్తది. ఆ రోజు నేను మానేద్దామనుకున్న, నిజం.

నాలుగో వారం మాత్రం వేరే. లూకా పదో అధ్యాయంల యేసు డెబ్బై మందిని ఇద్దరిద్దరిగ పంపుతడు కద, సంచి వద్దు, జాలె వద్దు, చెప్పులు వద్దు, ఏ ఇంట్ల దిగుతే ఆ ఇంటోళ్లు పెట్టింది తినుమంటడు. అది చదివిపిచ్చి, పాస్టరమ్మ మా అందరి పర్సులు, ఫోన్లు ఒక సంచిల ఏయించుకున్నది (చెప్పులు మాత్రం ఉంచిన్రు, దేవునికి స్తోత్రం), ఇగ పెద్దాసుపత్రికి పోయి రెండు గంటలు ఎవలకన్న ఆసరా ఉండి రాండ్రి అన్నది. కరపత్రాలు కూడ ఇయ్యలే. "అమ్మా కనీసం నాలుగు పండ్లన్న కొనుక్కపోతం, ఒట్టి చేతులతోని పోయి ఏం చేస్తం" అన్న. "పోయి సూడు బిడ్డా" అన్నది, అంతే.

వార్డుల ములుగు దిక్కు నుంచి వచ్చిన ఒక అవ్వ ఉన్నది, ఆమె ముసలాయనకు సెలైన్ ఎక్కుతున్నది. పొద్దటి నుంచి ఏం తినలేదట, లేచిపోతే సీసా ఎవలు సూస్తరని. నేను కూసుంట పో అవ్వా అన్న. నమ్మలే పాపం, నా మొఖం దిక్కు, నా ఉత్త చేతుల దిక్కు సూసింది, మళ్ల ఏమనుకున్నదో "అయిపోంగనే సిస్టర్ను పిలువు బిడ్డా" అనుకుంట పోయింది. ముప్పై నిమిషాలు ఆ చుక్కలు సూసుకుంట కూసున్న, ప్రార్థన కూడ సరిగ్గ రాలే, సీసా అయిపోతే ఎట్ల అన్న భయమే. అవ్వ తిరిగొచ్చి కొంగుల నుంచి బన్ను తీసి సగం తుంచి నా చేతుల పెట్టింది. వద్దంటే కోపానికొచ్చింది. పండ్లు కొనుక్కపోయుంటే ఆ బన్ను నాకు దొరుకునా? పెట్టింది తినుమని యేసు ఎందుకన్నడో గప్పుడు సమజైంది, క్లాసుల మాత్రం ఈ మాట ఎవ్వలు చెప్పలే.

ఎనిమిదో వారం కాజీపేట నుంచి రైలెక్కి డోర్నకల్ పోయినం, టికెట్ ఎవలిది వాళ్లే. అక్కడి పెద్ద చర్చి, ఎపిఫనీ కథీడ్రల్ సూడాల్నంటే నాకు ఎప్పటి నుంచో ఆశ. 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిన్రు, గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిపి కట్టినట్టు ఉంటది. అది కట్టిచ్చిన బిషప్ అజరయ్య తమిళాయన, 1909ల డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకొని పని చేసిండు, 1912ల ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) సంఘంల మొదటి భారతీయ బిషప్ అయిండు. మోషే నోటి గురించి మూడు వారాలు చెప్పే బదులు ఈయన గురించి ఒక వారం చెప్తే మాకు ఇంక మంచిగ ఎక్కుతుండె. 1910ల ఎడిన్‌బరోల అయిన ప్రపంచ మిషనరీ సభల దొరల ముంగట నిలబడి, మీరు ఆస్తులిచ్చిన్రు, పానాలిచ్చిన్రు, మాకు స్నేహితులను గూడ ఇయ్యండ్రి అని అడిగిండట. అది వినంగనే నాకు అవ్వ బన్నే యాదికొచ్చింది.

ఇగ ఖర్చు సంగతి. బతుకమ్మ ముందట సీజన్ల రెండు శనివారాలు పోయినయ్, రెండు ఆర్డర్లు వేరే టైలర్‌కు పోయినయ్, తిరిగి రాలే. మా ఆయన "దేవుడు చూసుకుంటడన్నవ్ కద" అని ఎత్తిపొడిచిండు. చూసుకున్నడా అంటే, ఆ నెల కరెంటు బిల్లు లేటుగ కట్టినం, కట్టినం మాత్రం. నూరంతలు ఏం రాలే. ఇప్పటికి నెలకోపాలి ఆసుపత్రికి పోతున్న, ఎవలు పంపకుండనే.

మార్కులు: 5కు 3.5. మూడో వారం తీసేస్తే 4 ఇద్దును. పోయేటోళ్లు కొత్త నోట్ బుక్కు కొనుక్కపోండ్రి, ఆ జిరాక్స్‌ను నమ్ముకోకుండ్రి. నడుము నొప్పి ఉన్నోళ్లు ముందే ఫోన్ చేసి కుర్చీ చెప్పుకోండ్రి, మిగితోళ్లందరికి సాపలే.