మారుతి 800 బేరింగులకు అసెంబ్లీ లూబ్: వానాకాలం దాటిన తరువాత తెలిసిన గుణం

బేరింగులు మార్చేటప్పుడు పూసే అసెంబ్లీ లూబ్ గురించి చెప్పేవారు ఎక్కువగా దాని జారుడు గుణాన్నే పొగుడుతారు. మా పాత కార్బురేటర్ మారుతి 800 ఇంజిన్‌ను ఇంట్లోనే విప్పి, క్రాంక్‌షాఫ్టును మోసే మెయిన్ బేరింగులూ, పిస్టన్ కడ్డీలు దానికి కలిసే చోట ఉండే కాన్‌రాడ్ బేరింగులూ మార్చి, ఆ తరువాత చాలాకాలం బండి నడిపిన మీదట నాకు నచ్చినది వేరొకటి. పూసిన చోటును విడవకుండా పట్టుకుని ఉంటుంది చూడండి, నేను డబ్బు పెట్టేది ఆ గుణానికి. వాడినది పెర్మటెక్స్ వారి అల్ట్రా స్లిక్. ఎర్రగా, తేనెలా సాగుతుంది.

క్రాంక్‌ను విజయవాడ ఆటోనగర్‌లో గ్రైండింగ్ చేయించి, అలా అరగదీసిన క్రాంక్‌కు సరిపోయే 0.25 మి.మీ. అండర్‌సైజ్ బేరింగులు తెచ్చుకున్నాము. మెకానిక్ పనిలోనే జీవితం గడిపిన మా బాబాయి పక్కన నిలబడి చేయించారు. నాలుగు మెయిన్ బేరింగులకూ నేను ఈ ఎర్ర లూబ్ పూశాను. కాన్‌రాడ్‌ల వంతు వచ్చేసరికి ఆయన, "ఇవి నాకు వదిలెయ్ రా, ఇన్నాళ్లూ నూనె డబ్బాతోనే ఇంజిన్లు కట్టాను" అంటూ మామూలు ఇంజిన్ ఆయిల్ రాసి మూడింటినీ బిగించారు. అందులో తప్పుపట్టవలసినది లేదు. కట్టిన రోజో మర్నాడో స్టార్ట్ చేసే ఇంజిన్‌కు అది చాలు.

మా ఇంజిన్‌కు ఆ మర్నాడు రాలేదు. వాల్వ్ సీట్ల పనికి ఇచ్చిన సిలిండర్ హెడ్ లేత్ షాపులోనే ఉండిపోయింది. అడిగినప్పుడల్లా "ఎల్లుండి" అనేవారు, ఆ ఎల్లుండి వానాకాలమంతా సాగింది. సిలిండర్ గోడలకు తుప్పు పట్టకుండా మధ్య మధ్యలో ఆయిల్ రాస్తూ వచ్చాము కానీ, కింద బిగించిన బేరింగులను ఎవరూ ముట్టుకోలేదు. చివరికి హెడ్ చేతికి వచ్చాక, చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఎక్కించే ముందు, బేరింగులను బిగించి పట్టే మూతలలో ఒక మెయిన్ క్యాప్, ఒక కాన్‌రాడ్ క్యాప్ విప్పి చూద్దామని బాబాయే అన్నారు. కాన్‌రాడ్ బేరింగును వేలితో రాస్తే పలచని జిడ్డు జాడ తప్ప ఏమీ అంటలేదు. బేరింగులో తిరిగే క్రాంక్ భాగం, అంటే జర్నల్, పైభాగం దాదాపు పొడిగా, మెరుపు తగ్గి కనిపించింది. మెయిన్ క్యాప్ లాగినప్పుడు మాత్రం బేరింగుకూ జర్నల్‌కూ మధ్య ఎర్రటి తీగలు సాగాయి, పొర పూసిన నాటిలాగే నిండుగా ఉంది. బాబాయి ఏమీ మాట్లాడకుండా మిగతా రెండు కాన్‌రాడ్ క్యాప్‌లు కూడా విప్పి, సీసా ఇటిమ్మని చెయ్యి చాపారు.

ఆయిల్ ప్రెషర్ అందేలోపు తిరిగే ఆ మొదటి కొన్ని క్షణాలలో లోహాన్ని లోహానికి తగలనివ్వకుండా చూడడమే ఈ పదార్థం పని. తరువాత అది ఇంజిన్ ఆయిల్‌లో కరిగిపోతుంది. దుకాణాలలో అడిగితే చాలాచోట్ల చాసిస్ గ్రీజు డబ్బా చూపిస్తారు, అది వద్దు. అందులో చిక్కదనం కోసం కలిపే పదార్థం ఆయిల్‌లో సరిగా కరగదు, సన్నటి దారులకూ ఫిల్టర్‌కూ అడ్డం పడవచ్చు. ఏ లూబ్ తెచ్చినా బేరింగు లోపలి ముఖానికే పూయాలి. వెనుక భాగమూ, అది కూర్చునే గూడూ తుడిచి పొడిగా ఉండాలి. వేడి బ్లాకులోకి దిగేది అటువైపు నుంచే. ప్లాస్టిగేజ్ అనే మెత్తటి ప్లాస్టిక్ దారంతో బేరింగు సందు కొలిచే పని కూడా పూయకముందే ముగించుకోవాలి, ఎందుకంటే ఆ దారం నూనెలో కరుగుతుంది.

అప్పట్లో తెలిసిన వారందరికీ దీనిని కొనిపించాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. అంటుకునే గుణం దుమ్మును కూడా అంతే ప్రేమగా అంటించుకుంటుంది. మా షెడ్డులో పాలిథీన్ కాస్త తొలగినా గుండె ఝల్లుమనేది. క్యాప్‌లు బిగించాక క్రాంక్‌ను చేత్తో తిప్పి బిగువు అంచనా వేసే అలవాటున్నవారికి ఇది అయోమయం కలిగిస్తుంది, ఎందుకంటే చిక్కటి పొర వల్ల మంచి బేరింగు కూడా కాస్త బరువుగానే తిరుగుతుంది. పైగా ఇది ఉందని ప్రైమింగ్, అంటే స్టార్ట్ చేసేముందే ఆయిల్‌ను బేరింగులకు అందించడం, మానేయడానికి వీలులేదు. ఈ ఇంజిన్‌లో ఆయిల్ పంపు క్రాంక్ మీదే నడుస్తుంది కనుక, మేము స్పార్క్ ప్లగ్గులు తీసి, కాయిల్ వైరు ఊడదీసి, ఆయిల్ లైటు ఆరేవరకు సెల్ఫ్‌ను మధ్య మధ్యలో ఆపుతూ తిప్పి, ఆ తరువాతే స్టార్ట్ చేశాము.

ఇప్పటికీ బేరింగుల చప్పుడు లేదు, వేడెక్కిన ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉన్నా ఆయిల్ లైటు వెలగదు. ఆ ఘనతను లూబ్‌కు కట్టబెట్టలేను. గ్రైండింగ్ సరిగా కుదిరింది, మా బండి ఊళ్లో తిరుగుడే తప్ప బరువులు మోయదు, ఆయిల్ సమయానికి మారుస్తాము. ఒక్క ఆదివారంలో ఇంజిన్ కట్టి సాయంత్రానికి స్టార్ట్ చేయగలిగినవారు ఈ సీసా కోసం ఎదురుచూడనవసరం లేదు. లేత్ షాపు దయ మీద ఆధారపడిన నాలాంటివారు దగ్గర ఉంచుకోవడం మేలు. మళ్లీ కడితే బేరింగులకు ఇదే పూస్తాను, పిస్టన్ రింగులకు మాత్రం మామూలు ఇంజిన్ ఆయిలే.