వీపీఎన్ సరిపోతుందా, జీరో ట్రస్ట్‌కు మారాలా?

మిర్యాలగూడ మిల్లుల నుంచి, నల్లగొండ ఆస్పత్రుల నుంచి, జడ్చర్ల వైపు కంపెనీల నుంచి ఈమధ్య నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా ఒకటే ప్రశ్న. "వీపీఎన్ ఉంది కదా, మళ్లీ ఈ జీరో ట్రస్ట్ ఎందుకు?" వీపీఎన్ అంటే బయట ఉన్న కంప్యూటర్‌ను ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి కలిపే రహస్య దారి. జీరో ట్రస్ట్ అంటే లోపలికి వచ్చినవాళ్లనైనా నమ్మేయకుండా ప్రతిసారీ తనిఖీ చేసే పద్ధతి. పోయిన నెల ఒక రైస్ మిల్లుకు నేనే దగ్గరుండి మార్చాను కాబట్టి, నాకు అనిపించింది చెబుతాను.

ఆ మిల్లులో లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ ఉన్న సర్వర్, వేబ్రిడ్జి (లారీల కాటా) కంప్యూటర్, సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె డీవీఆర్, ప్రింటర్లు అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండేవి. హైదరాబాద్‌లో ఉండే ఆడిటర్ వీపీఎన్‌లో వచ్చేది టాలీ కోసమే. కానీ ఒకసారి కనెక్ట్ అయ్యాక ఆయన ల్యాప్‌టాప్‌కు వేబ్రిడ్జి కంప్యూటర్ కూడా పక్క టేబుల్ మీద ఉన్నంత దగ్గర. ఆ వేబ్రిడ్జి కంప్యూటర్లో ఇంకా విండోస్ 7 నడుస్తోంది, దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే సపోర్ట్ ఆపేసింది. ఆడిటర్ మంచి మనిషే. ఆయన ల్యాప్‌టాప్‌లో ఇంట్లో పిల్లలు ఏ గేమ్ దించుకున్నారో మనకెలా తెలుస్తుంది?

"తమ్మీ, గేటుకు తాళం ఉన్నది, వాచ్‌మన్ ఉన్నడు, ఇంకేం కావాలె?" అన్నారు సేటు. నేను ఆయన మిల్లునే చూపించాను. వడ్ల లారీ వస్తే గేటు దగ్గర నంబరు రాసుకుంటారు. నంబరు రాసుకున్నాం కదా అని గోదాం తాళం చేతికివ్వరు. కాటా మీద తూకం, తర్వాత తేమ చూడటం, వడ్లు దించాక ఖాళీ లారీకి మళ్లీ తూకం, బయటికి పోవాలంటే మళ్లీ చిట్టీ. ఇరవై ఏళ్లుగా వస్తున్న డ్రైవర్ అయినా చిట్టీ లేకుంటే గేటు తెరవరు. కంప్యూటర్లలో జీరో ట్రస్ట్ చేసే పనీ ఇదే. ప్రతి తలుపు దగ్గరా ఎవరు, ఏ మెషిన్ నుంచి, ఏ పని మీద అని అడుగుతుంది. 2010లో ఫారెస్టర్ అనే పరిశోధన సంస్థలో ఉన్న జాన్ కిండర్‌వాగ్ ఈ పేరును ప్రచారంలోకి తెచ్చారు. 2020లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ దీని నిర్మాణం ఎలా ఉండాలో రాసి పెట్టింది. మొత్తం ఒకే పెట్టెలో కొనుక్కొచ్చేది కాదని దాన్ని చదివితే అర్థమవుతుంది.

నా మటుకు అసలు పరీక్ష ఒక్కటే. మనిషి ఉద్యోగం మానేసిన రోజు ఏం జరుగుతుంది?

ఈ మిల్లులో దసరాకు మానేసిన అకౌంటెంట్ వీపీఎన్ ఖాతా సంక్రాంతి దాకా అలాగే ఉంది. రాకపోకలు నమోదయ్యే రౌటర్ లాగ్ తెరిస్తే ఆ పేరుతో రాత్రి పదకొండు గంటలకు లాగిన్లు కనిపించాయి. ఆయనే వచ్చాడా, పాస్‌వర్డ్ ఇంకెవరి చేతిలోనైనా పడిందా, లోపల ఏం చూశారు? లాగ్‌లో అవేవీ లేవు. ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు పోయారు, అంతే. పార్టీల బాకీలు, రేట్లు అన్నీ ఆ సర్వర్‌లోనే ఉన్నాయి. సేటు చాలాసేపు మాట్లాడలేదు. 2021లో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ అనే ఇంధన కంపెనీ నెట్‌వర్క్‌లోకి దొంగలు వచ్చింది కూడా వాడకంలో లేని ఒక పాత వీపీఎన్ ఖాతాతోనే. పాస్‌వర్డ్ తప్ప దానికి రెండో తనిఖీ లేదు. కంపెనీ పైప్‌లైన్ ఆపేసి దొంగలకు 75 బిట్‌కాయిన్లు కట్టింది.

మన దగ్గర కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో వాళ్లకు చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఏ కంప్యూటర్‌ను ముట్టారో కూడా తెలియని లాగ్ పట్టుకుని ఏం చెబుతాం?

ఇప్పుడు ఆ మిల్లులో వీపీఎన్ బదులు సర్వర్ దగ్గర చిన్న కనెక్టర్ ప్రోగ్రాం ఉంది. అది లోపలి నుంచి బయటి జీరో ట్రస్ట్ సర్వీసుకు కనెక్ట్ అవుతుంది కాబట్టి రౌటర్‌లో బయటివాళ్లకు దారి (పోర్టు) తెరవనక్కర్లేదు, మారని ఇంటర్నెట్ అడ్రస్ (స్టాటిక్ ఐపీ) కోసం డబ్బు కట్టనక్కర్లేదు. మిల్లు తరఫున ఇచ్చిన మెయిల్ ఐడీతో ఆడిటర్ లాగిన్ అయి, ఫోన్‌లోని ఆథెంటికేటర్ యాప్‌లో ఎప్పటికప్పుడు మారే కోడ్ కొడితే టాలీ కంప్యూటర్ ఒక్కటే తెరుచుకుంటుంది. ల్యాప్‌టాప్‌కు అప్‌డేట్లు లేకుంటే అదీ తెరుచుకోదు. ఎవరైనా మానేస్తే మెయిల్ ఐడీ ఆపి, నడుస్తున్న సెషన్ తెంపితే చాలు, అన్ని తలుపులూ మూతపడతాయి. ఇలాంటి సర్వీసును క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ 50 మంది వరకు ఉచితంగానే ఇస్తోంది.

ఇబ్బంది లేదనను. "రోజూ ఈ కోడ్ టెన్షన్ ఏంది సార్" అని గుమస్తా వారం రోజులు విసుక్కున్నాడు. వేబ్రిడ్జిని మాత్రం నేను దీనికి ముడిపెట్టలేదు. సీజన్‌లో ఫైబర్ తెగితే కాటా ఆగిపోయి లారీలు రోడ్డు దాకా నిలబడతాయి. పైగా అంత పాత కంప్యూటర్లో, డీవీఆర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ వేయలేం. వాటిని వేరే వీలాన్‌లో, అంటే నెట్‌వర్క్‌లోనే విడిగా గోడ కట్టిన భాగంలో పెట్టి, బయటి నుంచి దారి పూర్తిగా మూసేశాను.

ఐదారుగురు పనిచేసే ఆఫీసు, బయటి నుంచి వచ్చేది ఒక్కరే అయితే వీపీఎన్ ఉంచుకోండి. తలా ఒక ఖాతా, ఆథెంటికేటర్, రౌటర్ ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు, లోపల ఎంతవరకు వెళ్లాలో చెప్పే ఫైర్‌వాల్ రూల్ ఉంటే సరిపోతుంది. "ఆఫీస్" అనే ఒకే ఖాతాను అందరూ వాడుకుంటుంటే మాత్రం ఆ వీపీఎన్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

దూరం నుంచి కంప్యూటర్ స్క్రీన్ చూసి నడిపే ఎనీడెస్క్ యాప్ అప్పటికప్పుడు రిపేరు చూడటానికి పర్వాలేదు. అదే పనికి విండోస్‌లోనే ఉండే రిమోట్ డెస్క్‌టాప్ పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచినవాళ్లు ఈరోజే మూసేయండి.

డబ్బు పెట్టే ముందు ఒక కాగితం తీసుకుని, మీ నెట్‌వర్క్‌లోకి బయటి నుంచి ఎవరెవరు రాగలరో పేర్లు రాయండి. ఆ మిల్లులో సేటు, నేను కూర్చుని రాస్తే పద్నాలుగు పేర్లు వచ్చాయి. అందులో ఐదుగురు అక్కడ పని మానేసి చాలా కాలమైంది.