ఎన్విరాన్‌మెంటల్ హిస్టరీ కోర్సు: రెండు సెమిస్టర్లు చదివాక

పర్యావరణ చరిత్ర అంటే చెట్లు, కాలుష్యం, నాలుగు పీపీటీలు, క్రెడిట్లు సులువుగా వచ్చేస్తాయి అనుకుని చేరాను. రెండు సెమిస్టర్లూ అయ్యాక రాస్తున్నా కాబట్టి ముందే చెప్పేస్తా, క్రెడిట్ల కోసమైతే వేరే కోర్సు చూసుకోండి. వారానికి వంద పేజీలకు తక్కువ ఉండదు, అందులో సగం అంచుల్లో అక్షరాలు తెగిపోయిన స్కాన్ కాపీలు.

నా మొదటి వ్యాసం 1845లో మొదలైన ఐర్లండ్ బంగాళదుంప కరువు మీద. తెగులొచ్చింది, పంట కుళ్ళింది, సుమారు పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మంది దేశం వదిలిపోయారు, 'ఇదొక ఘోరమైన ప్రకృతి వైపరీత్యం' అని ముగించాను. బాగా రాశాననే అనుకున్నా. మేడం ఆ చివరి రెండు మాటల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పక్కన రాశారు: 'భూమి ఎవరిది? ఓడ ఎక్కిన ధాన్యం ఎవరిది?' పదికి నాలుగు. ఒళ్ళు మండింది. కోపంతోనే మళ్ళీ చదివితే అప్పుడు ఎక్కింది. చిన్న చిన్న పొలం చెక్కల మీద బతికే కౌలు జనానికి తక్కువ నేలలో కడుపు నింపేది దుంపే, అదీ ఎక్కువగా లంపర్ అనే ఒకే రకం, అందుకే తెగులు తగలగానే అన్నీ ఒకేసారి పోయాయి, జనం చస్తున్నా ఓట్స్ మాత్రం అమ్మకానికి బయటి దేశానికి పోతూనే ఉన్నాయి.

ఆ తర్వాత ఏ పాఠం విన్నా ఆ రెండు ప్రశ్నలే. అమెరికా మైదానాల్లో గడ్డి దున్నేసి గోధుమ వేశారు, 1930ల్లో వాన మొహం చాటేసేసరికి మట్టే లేచిపోయింది. చైనాలో 1958లో గింజలు తింటున్నాయని పిచ్చుకల్ని చంపించారు, పురుగులు పెరిగాయి, 1960లో చంపాల్సిన వాటి జాబితాలోంచి పిచ్చుకని తీసి నల్లిని పెట్టారు. అక్కడ క్లాసంతా నవ్వింది. తర్వాతి స్లయిడు ఆ ఏళ్ళ కరువుది.

చిరాకులు లేకపోలేదు. గ్రూప్ ప్రాజెక్టులో అయిదుగురం ఉంటే పని చేసింది ఇద్దరం, మార్కులు మాత్రం అందరికీ సమానం. పాత వాతావరణం ఆనవాళ్ళు చెప్పే చెట్టు వలయాలు, మంచు పొరలు లాంటి సైన్స్ భాగం ఒక్క వారంలో పరుగెత్తించారు, ఆర్ట్స్ వాళ్ళు బిక్కమొహం వేశారు (వ్యాసాల దగ్గర సైన్స్ వాళ్ళ వంతు వచ్చిందిలెండి). అన్నిటికంటే నాకు కడుపుమండింది జపాన్‌లోని మినమాటా ఊరి విషయంలో. అక్కడ 1956లో బయటపడ్డ జబ్బుకి ఫ్యాక్టరీ వదిలిన పాదరసమే కారణమని జపాన్ ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకున్నది 1968లో. ఆ పన్నెండేళ్ళ మీదే ఒక వారం మాట్లాడుకోవచ్చు, మాకిచ్చింది ఆఖరి క్లాసులో నలభై నిమిషాలు.

చదివే ఓపిక ఉంటే తీసుకోండి. రెండో సెమిస్టర్ ఒక్కటే తీసుకుందామనుకునేవాళ్ళు మాత్రం ఆగండి, మొదటిదాంట్లో ఎర్ర పెన్ను దెబ్బలు తినకుండా అక్కడికెళ్తే చివరి వ్యాసం దగ్గర చాలా ఇబ్బంది పడతారు, మా బ్యాచ్‌లో అలా ముగ్గురు మధ్యలోనే మానేశారు.