జోధ్‌పూర్ కోటకా, కెందులి ఏటిగట్టుకా?

జానపద పాటలు వినడానికి ఫ్రెండ్స్‌తో కలిసి నాలుగు రోజులు ఎక్కడికి వెళ్తే బాగుంటుందని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. మాటలు చివరికి రెండు పేర్ల దగ్గరే ఆగుతున్నాయి. ఒకటి అక్టోబరులో శరత్ పూర్ణిమకు అటూ ఇటుగా రాజస్థాన్‌లో జరిగే జానపద సంగీతోత్సవం, జోధ్‌పూర్ రిఫ్. రెండోది మకర సంక్రాంతికి బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో జరిగే జయదేవ్ కెందులి మేళా. మేం నలుగురం రెండూ చూసొచ్చాం.

జోధ్‌పూర్‌ది పక్కా ఏర్పాటు. 2007లో మెహ్రాన్‌గఢ్ కోటలో మొదలైంది. టికెట్ కొంటే ఎవరు, ఎన్ని గంటలకు, ఏ ప్రాంగణంలో పాడతారో ముందే తెలుస్తుంది. రాజస్థాన్ ఎడారి గాయక కులాలైన మాంగణియార్ల కమాయిచా, లంగాల సింధీ సారంగి (రెండూ కమానుతో వాయించే తీగవాద్యాలే) దేనికదే స్పష్టంగా వినిపిస్తాయి. మాంగణియార్లు ముస్లింలు. తరతరాలుగా రాజపుత్ర కుటుంబాల పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ పాడుతున్నారు. మన దగ్గర డక్కలివాళ్ళకు మాదిగలు పోషకులైనట్టే. కోటకు దగ్గర్లోని పాలరాతి స్మారకం జస్వంత్ థడా దగ్గర తెల్లవారుజాము కచేరీకి నిద్ర మానుకొనైనా వెళ్ళండి. ఊళ్ళో అన్ని ధరల్లోనూ గదులు దొరుకుతాయి, అమ్మానాన్నల్ని తీసుకెళ్ళినా ఇబ్బంది ఉండదు.

కెందులిలో ఈ సుఖాలేవీ లేవు. అష్టపదులు రాసిన జయదేవుడి ఊరు ఇదేనని బెంగాలీల నమ్మకం. సంక్రాంతినాడు అజయ్ నదిలో స్నానాలు, ఊరంతా అఖడాలు, అంటే పాటల పందిళ్ళు. టికెట్ లేదు, ప్రోగ్రాం కాగితం లేదు. పక్క పందిరి మైకు మన పందిట్లోకి దూరుతుంది. మొదటి రాత్రి ఆ మోతకు నాకు తలనొప్పి వచ్చింది. చలికి మంచి రగ్గులు మోసుకెళ్ళాల్సిందే. మరుగుదొడ్ల విషయంలో ఓర్చుకోవాలి.

అయినా నా లెక్కలో తేల్చేది ఒక్కటే: పాడే మనిషి మనకు ఎంత దగ్గర? కోటలో రాత్రి కచేరీలకు వేదిక, కుర్చీలు, చప్పట్లు, వెంటనే తర్వాతి బృందం. పగటి కూటముల్లో కాస్త దగ్గరగా కూర్చోవచ్చు, కానీ అక్కడా గడియారం నడుస్తూనే ఉంటుంది. కెందులిలో గడ్డి మీద పరిచిన పట్టాపై కూర్చుంటే, బావుల్ గాయకుడి (బెంగాల్‌లో తత్వాలు పాడుతూ తిరిగే సాధువు) కాలి గజ్జెలు మన మోకాలికి తగులుతాయేమో అన్నంత దగ్గర. ఒక చేతిలో ఏకతార, రెండో చెయ్యి నడుముకు కట్టిన డుగ్గీ అనే చిన్న వాద్యం మీద. పాటంతా దేహం గురించి, గురువు గురించి. మన తత్వాలు విన్న చెవికి భాష రాకపోయినా దారి దొరుకుతుంది.

రెండో రాత్రి మూడింటప్పుడు మావాడొకడు ఒక చరణానికి అర్థం అడిగాడు. ఆ పెద్దాయన పాట ఆపి, వచ్చీరాని హిందీలో చాలాసేపు వివరించి, మళ్ళీ మొదటినుంచి పాడారు. పందిట్లో ఒక్కరూ విసుక్కోలేదు. అప్పటికే మాలో ఇద్దరు ఆ గడ్డిలోనే నిద్రపోయారు. లేచాక అదే అఖడాలో అందరితో పాటు కూర్చుని కిచిడీ తిన్నాం. గుంపుగా వెళ్ళినప్పుడు ఎవరి ఓపిక వాళ్ళది కావడం కన్నా హాయి ఏముంటుంది?

నాగా తెగల ఉత్సవం, నాగాలాండ్ హార్న్‌బిల్ గురించీ అడిగారు. డిసెంబరు 1 నుంచి 10 దాకా, కోహిమా దగ్గర కిసామాలో. ఆ రాష్ట్రంలోకి వెళ్ళడానికి ముందే ఇన్నర్ లైన్ పర్మిట్ అనే అనుమతి తీసుకోవాలి. చూడటానికి గొప్పగా ఉంటుంది, కానీ పాటే ముఖ్యమైతే నేను దాన్ని ఎంచుకోను.

కెందులికి అసలు చిక్కు మన సంక్రాంతే. మాలో కోనసీమ కుర్రాడు భోగినాడు వాళ్ళమ్మతో ఫోన్‌లో సరిగ్గా మాట్లాడలేకపోయాడు. అందుకే ఈసారి పండగ ఇంట్లో చేసుకుని, ఆ రాత్రి కోల్‌కతా విమానం ఎక్కుతున్నాం. అక్కడినుంచి బోల్‌పూర్‌కు రైలు, ఆపైన బస్సు. నదీస్నానం తప్పిపోతుంది. కనుమ రాత్రి పాటలు మాత్రం దొరుకుతాయి.